తప్పు కట్టకుండా క్షమాపణా?

తెలుగులో వచ్చే క్రైస్తవ ప్రేమకథల మీద నాకో పెద్ద ఫిర్యాదు ఉంది. ప్రేమకథలంటే చర్చి పత్రికల్లో వచ్చే కథలు, పది రూపాయల చిన్న పుస్తకాలు, పండగల్లో వేసే నాటికలు, ఇప్పుడైతే యూట్యూబులో షార్టు ఫిల్ములు. నేను చదివినవాటిలో, చూసినవాటిలో ముప్పాతిక మూడొంతులకి కథ ఒకటే. కావాలంటే మీరే సరిచూసుకోండి:

1. అమ్మాయి భక్తిపరురాలు. పాటలు బాగా పాడుతుంది.
2. అబ్బాయి మంచివాడే గానీ స్నేహితుల వల్ల చెడిపోయాడు.
3. పెళ్ళవుతుంది. తాగుతాడు, కొడతాడు, ఇంకొకావిడ దగ్గరికి వెళ్తాడు. ఈ మూడింట్లో కనీసం రెండు.
4. పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమంటారు. ఆమె వెళ్ళదు. మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తుంది.
5. అతనికి యాక్సిడెంటో, జబ్బో.
6. ఆసుపత్రి మంచం మీద అతని కళ్ళల్లో నీళ్ళు. ఆమె "నేనెప్పుడో క్షమించేశాను" అంటుంది. శుభం.

ఇందులో ప్రేమ ఎక్కడుందో నాకు కనపళ్ళేదు. సరే, అది రుచికి సంబంధించిన సంగతి అనుకుని వదిలేద్దాం. నా గొడవ ఆరో నంబరుతో. దాన్ని క్షమాపణ అనడం అబద్ధం, ఆ అబద్ధం వల్ల దెబ్బలు తింటున్నవాళ్ళు ఉన్నారు, ఆ అబద్ధానికి బైబిలు మద్దతు కూడా లేదు. ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి చెప్తాను.

"ఇంతకీ నీదే మతం?" అని అడగబోయేవాళ్ళకి ముందే జవాబు. ఈ వాదనకి నా మతంతో పనిలేదు. నేను ఎత్తి చూపే కథలన్నీ ఏ ఇంట్లో బైబిలు తెరిచినా దొరికేవే.

ముందు ఒక ఒప్పుకోలు మాట. ఇలాంటి కథలు అసలు రావద్దని నేను అనటం లేదు, రావాలనే అంటున్నాను. ఎందుకంటే మన సినిమాలకి తెలుగు క్రైస్తవుల ఇంట్లో ప్రేమ ఎలా ఉంటుందో తెలీదు. 1981లో భారతీరాజా తీసిన సీతాకోకచిలుక గుర్తుందిగా? బ్రాహ్మల అబ్బాయి, క్రైస్తవుల అమ్మాయి. చివరికి అతను జంధ్యం, ఆమె సిలువ తీసేస్తే తప్ప వాళ్ళ ప్రేమకి దారి లేదు. 2010లో ఏ మాయ చేసావే వచ్చింది. జెస్సీ క్రైస్తవురాలే, కానీ మలయాళీ. మన గుంటూరు, మన కాకినాడ, మన అరకు చర్చిల్లో ఆదివారం తెల్లచీర కట్టుకుని కూర్చునే అమ్మాయి హీరోయిన్ కావడానికి పనికిరాదన్నమాట! అందుచేత ఆ అమ్మాయి తన కథ కోసం చర్చి పత్రిక తిరగేస్తే తప్పేముంది? అమెరికాలో ఇదో పెద్ద వ్యాపారం. 1979లో జానెట్ ఓక్ రాసిన లవ్ కమ్స్ సాఫ్ట్‌లీతో ఊపందుకుని, 1997 నాటికి హార్లెక్విన్ వాళ్ళే లవ్ ఇన్‌స్పైర్డ్ అని ప్రత్యేకంగా ఒక వరస మొదలెట్టేదాకా వెళ్ళింది. ఆకలి నిజమే. మరి ఆ ఆకలికి మనం వడ్డిస్తున్నదేమిటి అన్నదే ప్రశ్న.

ఆ అమెరికా నవలల్లో బాగా పేరున్నది ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన రిడీమింగ్ లవ్. 1991లో వచ్చింది, 2022లో సినిమా కూడా తీశారు. బైబిల్లో హోషేయ ప్రవక్త కథని తీసుకొచ్చి 1850ల నాటి కాలిఫోర్నియా బంగారు గనుల మధ్య పెట్టింది ఆవిడ. ఆ నవల మీద నాకు వేరే అభ్యంతరాలున్నాయి గానీ ఒక్క విషయం గమనించండి. అందులో క్షమించేది మొగుడు. వదిలేసి వెళ్ళిపోయిన భార్యని మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళేది అతను. హోషేయ గ్రంథంలోనూ అంతే కదా! భార్య గోమెరు వెళ్ళిపోతుంది, ప్రవక్త వెండీ యవలూ ఇచ్చి తిరిగి తెచ్చుకుంటాడు. అంటే తన చేతిలోంచి ఖర్చు పెట్టి మరీ.

మన కథకులు ఏం చేశారు? పాత్రల్ని తారుమారు చేశారు. క్షమించడం మొత్తం భార్య వాటాకి తోసేశారు. ఖర్చూ ఆమెదే, కట్టు కట్టించుకోవడమూ ఆమే.

ఇది చిన్న మార్పేం కాదు. బైబిల్లో పేరున్న క్షమాపణ కథలు వరసగా తీయండి. యోసేపు అన్నల్ని క్షమించాడు. ఎప్పుడు? గోతిలో పడున్నప్పుడు కాదు, ఐగుప్తుకి అధికారి అయ్యాక. అదీ వెంటనే కాదు, వాళ్ళు మారారో లేదో పరీక్షలు పెట్టి చూసుకున్నాక. తప్పిపోయిన కొడుకుని క్షమించింది ఎవరు? ఇంటి యజమాని అయిన తండ్రి. ఫిలేమోనుకి పౌలు ఉత్తరం రాసింది దేనికి? పారిపోయిన దాసుణ్ణి చేర్చుకొమ్మని యజమానిని అడగడానికి. దాసుడికి "నీ యజమానిని క్షమించు నాయనా" అని రాసిన ఉత్తరం కాదది. నీళ్ళు పల్లానికి పారినట్టు ఈ కథల్లో క్షమ బలమున్నవాడి దగ్గర్నుంచి బలం లేనివాడి వైపు పారుతుంది. మన కథల్లో మాత్రం నీళ్ళు ఎత్తుకి పారతాయి.

"మరి సిలువ మీద ఏసుక్రీస్తు?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. స్తెఫను కూడా ఉన్నాడు. ఇద్దరూ చంపుతున్నవాళ్ళ కోసం ప్రార్థించారు. కానీ వాళ్ళకి ఆ పని చెయ్యమని పక్కన నిలబడి ఎవరూ కౌన్సెలింగ్ ఇవ్వలేదు. తనకి తానుగా ఇచ్చేది వేరు, పక్కవాడు పీకి ఇప్పించేది వేరు. మొదటిది దానం అయితే రెండోది వసూలు.

డెబ్భై ఏళ్ళ మారులు క్షమించాలన్న మాట అందరికీ నోటికొచ్చు. లూకా సువార్త పదిహేడో అధ్యాయంలో ఉన్న ఇంకో మాట మాత్రం కథల్లోకి రాదు. తప్పు చేసినవాణ్ణి ముందు గద్దించాలి, అతను మారుమనసు పొందితే అప్పుడు క్షమించాలి అని సారాంశం. మొదట గద్దింపు, తర్వాత పశ్చాత్తాపం, ఆ తర్వాత క్షమ. ఈ వరసని మన కథకులు తిరగేశారు. రెండధ్యాయాలు దాటి పందొమ్మిదో అధ్యాయానికి వెళ్తే జక్కయ్య కనిపిస్తాడు. ఆయన చెట్టు దిగి ఏడ్చి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకి రాసిచ్చాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట ఆ తర్వాతే వినపడింది. మన కథల్లో మొగుడు కన్నీళ్ళు తప్ప ఇంకేం తిరిగి ఇచ్చాడు చెప్పండి? అమ్మేసిన ఆమె పుస్తెలు తెచ్చిచ్చాడా? పదిమందిలో కొట్టినవాడు పదిమందిలో నిలబడి ఒప్పుకున్నాడా?

మాలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన జబ్బు. ప్రోగ్రాములో తప్పు వస్తే దాన్ని పట్టుకుని ఏమీ చెయ్యకుండా మింగేసే కోడు కొంతమంది రాస్తారు. తెర మీద ఎర్రర్ కనపడదు, మేనేజరు సంతోషిస్తాడు. లోపల మాత్రం డేటా పాడవుతూనే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత అర్ధరాత్రి ఫోనొస్తుంది. మన కథల్లో ఆరో నంబరు అచ్చం ఇలాంటి కోడే.

ఇప్పుడు అనంతగిరి సంగతి. (వికారాబాద్ అనంతగిరి కాదు, విశాఖ నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డులో కాఫీ తోటల అనంతగిరి. బొర్రా గుహలున్న మండలం. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.) అక్కడికీ ఈ కథలకీ సంబంధం ఏమిటంటారా? చాలా ఉంది.

ఆ కొండల్లో కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు, పోర్జలు, గదబలు, ఇంకా చాలా తెగలవాళ్ళుంటారు. వాళ్ళ పెళ్ళి ఆచారాలు ఒక్కో తెగకి ఒక్కోలా ఉన్నా కొన్ని సంగతులు చాలావరకూ ఉమ్మడి. కట్నం లేదు, ఓలి ఉంది. అంటే మగవాళ్ళే పిల్ల తండ్రికి ఇచ్చుకోవాలి. పిల్లా పిల్లాడూ ఇష్టపడి లేచిపోతే ఊరు తలకిందులవదు. తర్వాత పెద్దలు కూర్చుని ఓలి తేలుస్తారు, పెళ్ళి పెళ్ళే. భర్తతో పొసగకపోతే ఆమె వదిలేసి వెళ్ళొచ్చు, ఇంకొకణ్ణి చేసుకోవచ్చు. కొత్తవాడు పాతవాడికి ఓలి తిరిగి కట్టాలి. విధవ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వింతేం లేదు. తప్పు చేసినవాడి మీద పెద్దలు "తప్పు" వేస్తారు. గమనించారా, తెలుగులో నేరానికీ, దానికి కట్టే జరిమానాకీ ఒకటే మాట! తప్పు చేస్తే తప్పు కట్టాలి. కట్టాక అందరూ కలిసి భోజనం చేస్తారు, విషయం అక్కడితో ముగుస్తుంది. జక్కయ్య ఆ కూటంలో కూర్చుని ఉంటే ఆయనకి ఎవరూ ఏమీ వివరించి చెప్పనక్కర్లేదు.

ఇక చట్టం. 1955 నాటి హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప. కాబట్టి అక్కడ పెళ్ళీ, తెగదెంపులూ ఆచారం ప్రకారమే. అదే జంట బాప్తిస్మం తీసుకుని చర్చిలో పెళ్ళి చేసుకుంటే ఎస్టీ హోదా ఎక్కడికీ పోదు. కానీ 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం, 1869 నాటి విడాకుల చట్టం వచ్చి ఇంట్లో కూర్చుంటాయి. ఈ రెండో చట్టం ఒకప్పుడు ఎంత ఘోరంగా ఉండేదంటే, భార్య వ్యభిచరించిందని చూపిస్తే భర్తకి విడాకులు ఇచ్చేవాళ్ళు. భర్త వ్యభిచారం ఒక్కటీ చూపిస్తే భార్యకి చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో ఇంకొకటి రుజువు చెయ్యాలి. ఉత్తి కొట్టడం అయితే అసలు కారణమే కాదు! 1995లో కేరళ హైకోర్టు ఇందులో కొంత కొట్టేసింది. దేశం మొత్తానికి సరిచేసింది మాత్రం 2001 సవరణలో. అంటే 132 ఏళ్ళు. చర్చి సొంత ట్రిబ్యునల్ రద్దు చేస్తే సరిపోతుందా అంటే, సరిపోదని 1996లోనే సుప్రీం కోర్టు చెప్పేసింది. కోర్టుకే వెళ్ళాలి.

ఇప్పుడు కొండ మీద ఒకమ్మాయిని ఊహించుకోండి. వాళ్ళ అమ్మమ్మకి పొసగని మొగుణ్ణి వదిలి వెళ్ళే దారి ఊళ్ళోనే ఉండేది. పెద్దలు, ఓలి, ఒక పూట పంచాయితీ. ఈమెకి ఘాట్ రోడ్డు దిగి, వకీలుని పెట్టుకుని, వాయిదాలు తిరిగే దారి ఉంది. కాఫీ పళ్ళ కోతకి పోతే వచ్చే కూలి డబ్బుల్తో ఎన్ని వాయిదాలు తిరుగుతుంది? ఇదిగో సరిగ్గా ఈ ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది మన ప్రేమకథ. "నువ్వు వెళ్ళక్కర్లేదమ్మా, క్షమించు, ప్రార్థన చెయ్యి, యాక్సిడెంటు అవుతుంది, మారతాడు." అమ్మమ్మకున్న తలుపు మూసేసి, మూసిన తలుపుకి పూలదండ వేశారు.

"ఆచారాన్ని ఆకాశానికి ఎత్తేస్తున్నావే" అంటారేమో. లేదు. ఓలి ఇచ్చి తెచ్చుకున్నాం కాబట్టి మాది అనే మొగుళ్ళు అక్కడా ఉన్నారు. కూటంలో కూర్చునే పెద్దలు ఎక్కువగా మగవాళ్ళే. ఓలి తిరిగి కట్టేవాడు దొరక్కపోతే ఆమె ఇరుక్కుపోతుంది. చిల్లంగి పెట్టిందని ఆడమనిషి మీద నింద పడితే ఆ పెద్దరికమే ఆమె ప్రాణం మీదికి తెస్తుంది. ఇవన్నీ నిజాలు. అలాగే చర్చి వల్ల కొండల్లో బడులొచ్చాయి, వైద్యం వచ్చింది, చాలా ఇళ్ళల్లో సారా ఆగింది. అదీ నిజమే, మొగుడు తాగుడు మానేసిన ఇల్లాలికి ఆ తేడా ఎంతో నేను చెప్పాలా? నేననేది ఒకటే. కొత్త ఇంట్లోకి మారేటప్పుడు పాత ఇంట్లోని పనికొచ్చే సామాను కూడా పారేసి రావక్కర్లేదు. తప్పు చేసినవాడు తప్పు కట్టాలి అన్న మాట బైబిలుకి విరుద్ధం కాదు, లూకా సువార్తలో రాసే ఉంది.

ఇంకో సంగతి. అనంతగిరి పేరు దేశమంతా న్యాయశాస్త్రం చదివేవాళ్ళకి తెలుసు. 1997 జులైలో వచ్చిన సమత తీర్పు ఈ మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల గురించే. గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది ఆ తీర్పు సారం. 1959 నాటి నిబంధన, దాన్ని గట్టిపరిచిన 1/70 చట్టం కూడా అదే చెప్తాయి. మరి భూమి కొనలేని బయటివాడు ఏజెన్సీలో ఏం చేస్తాడు? గిరిజన స్త్రీని పెళ్ళాం అని చెప్పి ఆమె పేరున కొంటాడు. ఇది ఏజెన్సీలో అందరికీ తెలిసిన బాగోతమే. అందుకే "పట్నం అబ్బాయి, కొండపిల్ల, దేవుడు కలిపిన జంట" అన్న కథ చదివినప్పుడు నాకు మొదట వచ్చే అనుమానం, పట్టా ఎవరి పేరున ఉంది అని. ప్రేమకథలో పట్టా గొడవేంటి అంటే, రూతు గ్రంథం తెరిచి చూడండి. అంత చక్కటి ప్రేమకథలో బోయజు ఊరి గవిని దగ్గర పెద్దల్ని కూర్చోబెట్టి భూమి సంగతి తేల్చుకున్నాకే పెళ్ళి చేసుకుంటాడు. పాతకాలం వాళ్ళకి మనకంటే తెలివి ఎక్కువ.

"కథే కదా, దానికింత రాద్ధాంతమా" అనేవాళ్ళకి రెండు విషయాలు.

ఒకటి. నాతో పని చేసిన ఒకావిడ చెయ్యి కమిలి ఆఫీసుకొచ్చిన రోజుల్లో, వాళ్ళ ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన ఆమెకి ఇచ్చింది వకీలు ఫోన్ నంబరు కాదు, ఇలాంటి ప్రేమకథ పుస్తకం. "చదువమ్మా, ధైర్యమొస్తుంది" అన్నారట. ఆమె ఇంజినీరు, సొంత జీతం, సొంత బ్యాంకు ఖాతా ఉన్న మనిషి. అయినా ఆ పుస్తకం ఆమెని ఇంకో రెండేళ్ళు కదలనివ్వలేదు. కథ ఉత్తి కథ కాదు, అది ఒక సలహా.

రెండు. కథ ఇంకో పని కూడా చెయ్యగలదని మన రాష్ట్రమే రుజువు చేసింది. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం పెట్టారు. తాగుబోతు మొగుడి ఇల్లాలి కథే. అంటే సరుకు అదే, మన మూడో నంబరే. దూబగుంటలో ఆడవాళ్ళు ఇలాంటి పాఠాలు చదువుకుని ఏం చేశారు? మోకాళ్ళ మీద కూర్చుని యాక్సిడెంటు కోసం ఎదురు చూశారా? 1992లో సారా దుకాణం మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో ఎత్తేశారు, నిజమే. కానీ ఆ నాలుగైదేళ్ళల్లో మొగుళ్ళని మార్చింది క్షమాపణ కాదు, దుకాణానికి పడ్డ తాళం.

మరి నిజమైన క్షమాపణ అంటూ ఉండదా? ఉంటుంది. అనంతగిరి నుంచి చూస్తే కొండల అవతలే ఒడిశా. 1999 జనవరిలో అక్కడ మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన ఇద్దరు చిన్న కొడుకుల్నీ జీపులో తగలబెట్టేశారు. గ్లాడిస్ స్టెయిన్స్ ఆ హంతకుల్ని క్షమించానని చెప్పింది. ప్రపంచం ముక్కు మీద వేలేసుకుంది. కానీ ఆ క్షమ ఎలాంటిదో చూడండి. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పించలేదు. ఆమె క్షమించినందుకు కేసు ఆగలేదు. విచారణ జరిగింది, శిక్ష పడింది, 2011లో సుప్రీం కోర్టు దారాసింగ్‌కి యావజ్జీవం ఖాయం చేసింది. అన్నిటికంటే ముఖ్యం, ఆ హంతకుడితో కలిసి ఒకే కప్పు కింద ఉండమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. క్షమించడం, శిక్ష తప్పించడం, మళ్ళీ కాపురం చెయ్యడం వేర్వేరు మూడు సంగతులు. మన కథకులు ఈ మూడింటినీ ఒకే ముద్ద చేసి నోట్లో కుక్కుతున్నారు.

ఇంత తిట్టాక "అయితే ఏం రాయాలో నువ్వే చెప్పు" అంటారు కాబట్టి చెప్తాను. అనంతగిరిలోనే పెట్టండి కథ. కోతల కాలంలో కాఫీ తోటలో పరిచయమైన ఇద్దరు. పొగమంచు, ధింసా, కిరండూల్ పాసింజరు, మీ ఇష్టం, ఎంత కావాలంటే అంత పెట్టుకోండి. చర్చిలో పెళ్ళి చెయ్యండి. అతను చెయ్యెత్తాడనుకోండి. ఆమె పుట్టింటికి వెళ్ళిపోవాలి, పాస్టరుగారు ఆమెని వెనక్కి పంపకుండా అతని దగ్గరికి వెళ్ళాలి. అతను ఆదివారం సంఘం ముందు నిలబడి తను చేసిందేంటో తన నోటితో చెప్పాలి. సారాకి తగలేసిన ఆమె కూలి డబ్బులు లెక్కగట్టి తిరిగి ఇవ్వాలి. ఏడాది పాటు ఆమె గడప బయటే నిలబడి మాట్లాడి పోవాలి. ఆ ఏడాదిలో ఆమె అతన్ని చూస్తూ ఉంటుంది చూడండి, నమ్మాలా వద్దా అని, అదీ ప్రేమకథ! ఆ తర్వాత ఆమె తలుపు తీస్తుందో లేదో నాకు తెలీదు. తీయకపోయినా అది క్రైస్తవ కథే అవుతుంది, ఎందుకంటే ఆమె తీయకపోవడానికి అతని మీద పగ కారణం కానక్కర్లేదు. తీస్తే మాత్రం, ఆ ఒక్క వాక్యం చదివి నాబోటి మొండివాడు కూడా కళ్ళు తుడుచుకుంటాడు.

యాక్సిడెంటు మాత్రం వద్దు. కథకి దారి తోచనప్పుడల్లా లారీని పిలవడం రచయిత బద్ధకం. దేవుడి మీద కూడా అంత మంచి అభిప్రాయం కాదు.

ఇలాంటి కథ తెలుగులో ఇప్పటికే ఉంటే ఎక్కడుందో చెప్పండి, నేనే పదిమందికి పంచిపెడతాను. విభేదించేవాళ్ళు కూడా రండి. ఒక్క షరతు. "ఆమె క్షమించకపోతే కాపురం ఏమవుతుంది?" అని అడిగేముందు, "అతను తప్పు కట్టకపోతే కాపురం ఏమవుతుంది?" అన్న ప్రశ్నకి మీ జవాబు రాసి తర్వాత అడగండి.